పిలుపులోనూ కొలతలోనూ

'దయ' అనే మాట మన తెలుగువాళ్ళకు చాలా దగ్గరి మాట. పోస్టుకార్డుల కాలంలో "మీ దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం" అనే వాక్యం లేకుండా ఏ ఉత్తరమూ పూర్తయ్యేది కాదు. సెలవుచీటీలో "తమరు దయతలచి" అని రాస్తాము. ఆఫీసుకు పెట్టుకునే అర్జీలో "దయచేసి" అని రాస్తాము. పెద్దమనిషి గుమ్మంలోకొస్తే "దయచేయండి" అంటాము. అయితే ఒక్క సంగతి గమనించండి. ఈ వాక్యాలన్నీ కిందినుంచి పైకి పోయేవే. చిన్నవాడు పెద్దవాణ్ణి అడిగేవే. పైఅధికారి బంట్రోతుకు "దయచేసి" అని రాసిన కాగితం నేనింతవరకూ చూడలేదు. అంటే మన వాడుకలో దయ అనేది పెద్దల పెట్టెలో ఉండే సొమ్ము. వాళ్ళకు బుద్ధిపుడితే తీసి ఇస్తారు. పుట్టకపోతే పెట్టె మూసే ఉంటుంది.

ఈ వాడుక మీదే నా అభ్యంతరం. దయ అలా ఎప్పుడో ఒకసారి తీసి ఇచ్చేది కాదనీ, పొద్దున లేచినప్పటినుంచి రాత్రి పడుకునేదాకా మన నోటిలోనూ, చేతిలోనూ, నడతలోనూ ఉండాల్సిన అలవాటనీ నా నమ్మకం. ఈ నమ్మకం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మా ఊళ్ళో చూసినవీ, విన్నవీ, నాకు చేతనైనంత ఆచరించి చూసినవీ నాలుగు సంగతులు చెప్పి, వాటిమీద నా అభిప్రాయం చెబుతాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

మాది నెల్లూరు జిల్లా విడవలూరు. పెన్న నీళ్ళతో పండే వరిపొలాలు, వాటి అంచున రొయ్యల గుంటలు, ఇంకా తూర్పుకు పోతే రామతీర్థం దగ్గర సముద్రం. నీటి పక్కన బతికేవాళ్ళం కాబట్టి నీళ్ళు చేసే మంచీ చెడూ రెండూ మాకు తెలుసు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2004 డిసెంబరు 26 సునామీ మా తీరాన్నీ తాకింది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి, కోవూరు ప్రాంతంలో జాతీయ రహదారి తెగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

ఇలాంటి రోజుల్లో మా వైపు మనుషుల్ని చూడాలి! ఎవరూ అడక్కుండానే పులిహోర పొట్లాలు కట్టేవాళ్ళు, ట్రాక్టర్లు తీసుకొచ్చేవాళ్ళు, ముక్కూమొహం తెలియనివాణ్ణి ఇంట్లో పెట్టుకునేవాళ్ళు... ఆ రెండు మూడు రోజులూ కులం అడిగేవాడుండడు, పార్టీ అడిగేవాడుండడు. మన జనంలో దయ లేదనేవాడెవడైనా ఉంటే వరద రోజుల్లో మా వైపు వచ్చి చూడమంటాను.

కాని నీళ్ళు తీశాక ఏమవుతోంది? నడుంలోతు నీళ్ళలోంచి భుజాన మోసుకొచ్చిన ముసలాయన్నే నెల తిరిగేసరికి "ఒరే, ఇట్రారా" అని పిలుస్తున్నాము. వరదనాడు అన్నం పెట్టిన చేతితోనే కూలిడబ్బులో ఇరవై రూపాయలు కోసుకుంటున్నాము. కాబట్టి మన దగ్గర లేనిది దయ కాదు. మామూలు రోజు దయ. ఆపద రోజున దయ దానంతటదే పొంగుతుంది, దానికి సాధన అక్కర్లేదు. సాధన కావలసింది ఏ ఆపదా లేని మంగళవారం నాడు.

మొదట పిలుపు సంగతి చెబుతాను.

ఇంగ్లీషులో రాజునైనా బంటునైనా పిలవడానికి ఒకటే మాట. మన తెలుగులో అలా కాదు. నువ్వు, మీరు, వాడు, అతను, ఆయన, రా, రండి, వచ్చాడు, వచ్చారు. నోరు తెరిచి ఒక్క వాక్యం పూర్తిచేసేలోగా ఎదుటి మనిషిని ఏ మెట్టుమీద నిలబెట్టామో తేలిపోతుంది. క్రియ చివర అక్షరంలో కూడా మర్యాదో, అమర్యాదో ఉండి తీరుతుంది. తెలుగువాడు మాట్లాడుతూ మర్యాద విషయంలో తటస్థంగా ఉండడం దాదాపు అసాధ్యం. ఇది మన భాషకున్న అందమే. కాని ఈ అందాన్ని మనం దేనికి వాడుతున్నాము? పదేళ్ళ పిల్లగాడు డెబ్బయ్యేళ్ళ పాలేరును "ఒరే" అంటాడు, ఆ డెబ్బయ్యేళ్ళాయన పిల్లగాణ్ణి "అయ్యా" అంటాడు. చూసేవాళ్ళకెవ్వరికీ ఇది వింతగా తోచదు. అదే అసలు వింత.

మా తీరంలో యానాదులు ఎక్కువ. పొలాల్లో ఎలుకలు పట్టి పంట కాపాడేది వాళ్ళు. గుంటలమీద రాత్రుళ్ళు కాపలా ఉండేది వాళ్ళు. కాలవల్లో, ఉప్పుటేరుల్లో చేపా పీతా పట్టి బతికేది వాళ్ళు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో వీళ్ళని కూడా నేరస్థ జాతుల చట్టం కింద చేర్చారు. మన జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్యగారు వాళ్ళకోసం జీవితమంతా పనిచేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. అయితే కాగితంమీది మచ్చ పోయినంత సులభంగా నోట్లో మచ్చ పోలేదు. పిల్లవాడు తల దువ్వుకోకపోతే, చొక్కా మాసిపోతే, ఇవాళ్టికీ ఆ జాతి పేరుపెట్టి తిట్టే తల్లులున్నారు. ఒక మొత్తం జాతి పేరు తిట్టుగా మారిపోయిన చోట, ఆ జాతి పిల్లవాడు బడిలో తన పేరు చెప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా వీధిలో పనికొచ్చే ఒక పెద్దాయన్ని నేను కాలేజీలో చేరిన కొత్తలో "పెద్దాయనా, మీరు కూర్చోండి" అన్నాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "నన్నట్టా పిలవబాకయ్యా, మీవాళ్ళు వింటే బాగుండదు" అన్నాడు. ఆ మాటమీద నేను చాలాకాలం ఆలోచించాను. నేను మంచిమాట అన్నాను, ఆ మంచిమాటకు వెల ఆయన కట్టాల్సి వస్తోంది! నలుగురిలో నేను ఉదారుణ్ణి అనిపించుకుంటాను. రేపు ఎవరైనా "ఏరా, నెత్తికెక్కావా" అని గద్దిస్తే పడేది ఆయన. దయలో ఉన్న మొదటి నియమం నాకప్పుడు అర్థమైంది. దాని ఖర్చు చేసేవాడే భరించాలి. పుచ్చుకునేవాడి మీద పడకూడదు.

అందుకని వీధిలో మొదలుపెట్టక ఇంట్లో మొదలుపెట్టాను. మా నాయనతో, మా అవ్వతో వాదన. "చదువుకున్నోడివి, అలుసైపోతావబ్బా" అని మా నాయన. "మా కాలంలో అట్టా లేదు" అని అవ్వ. నేను ఉపన్యాసాలు ఇవ్వలేదు. భోజనాల దగ్గర ఆయన ప్రస్తావన వచ్చినప్పుడల్లా "వాడు" అనకుండా "ఆయన" అంటూ వచ్చాను, అంతే. ఏడాదిన్నర పట్టింది. ఒకరోజు మా నాయనే అరుగుమీద కూర్చుని "ఆయనొచ్చాడా?" అన్నాడు. క్రియ ఇంకా పాతదే గాని, సర్వనామం మారింది! దీనికి నేను పొందిన సంతోషం పరీక్ష పాసైనప్పుడు కూడా పొందలేదు. ఆ తర్వాతే వీధిలో ఆ పెద్దాయన్ని ధైర్యంగా పిలవగలిగాను.

ఈ పిలుపు సంగతిలో మా ప్రాంతంలోనే పుట్టిన ఒక మహనీయుణ్ణి తలుచుకోవాలి. విడవలూరు మండలంలోని అలగానిపాడులో 1913 మే 1న భూస్వామ్య కుటుంబంలో పుట్టారు పుచ్చలపల్లి సుందరయ్యగారు. పుట్టినప్పటి పేరు సుందరరామిరెడ్డి. ఆయన ఆ చివరి తోకను తీసేసుకున్నారు. ఇవాళ మనకది చిన్న సంగతిగా కనిపించవచ్చు. కాని ఆలోచించండి, అవతలివాళ్ళను పైకి పిలవడానికి నోరు రానిచోట, ఆయన తన పిలుపునే కిందికి దించుకున్నారు. 1930లో చదువు వదిలి శాసనోల్లంఘనలోకి దూకి జైలుకు పోయివచ్చి, సొంత ఊళ్ళోనే వెట్టికి వ్యతిరేకంగా వ్యవసాయకూలీలను కూడగట్టారు. ఎవరి పొలాల్లో కూలీలను? తన బంధువుల పొలాల్లో, తన ఇంటి పొలాల్లో! ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. పార్లమెంటు సభ్యుడైనాక కూడా సైకిలుమీదే పోయేవారు. 1985 మే 19న కన్నుమూశారు. ఆయన రాజకీయాలతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కాని దయకు అయ్యే ఖర్చు తానే పెట్టుకున్న మనిషికి ఇంతకన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక రెండోది కొలత.

నెల్లూరు వడ్లలెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. ఇది రైతుబిడ్డలందరికీ తెలుసు. ధాన్యం కల్లంలోంచి కదిలేటప్పుడు తేమ ఉందనీ, తాలు ఉందనీ, తరుగనీ చెప్పి పుట్టిమీద ఎన్నో కిలోలు ఎక్కువ లాగుతారు. రైతు కడుపు మండుతుంది. మండాలి కూడా. ఎండనక వాననక పండించినవాడికి కొలతలో అన్యాయం జరిగితే అంతకన్న పాపమేముంటుంది? కాని అదే రైతు ఇంటికొచ్చి, నాట్లేసిన ఆడవాళ్ళకు కూలి ఇచ్చేటప్పుడు ఏం చేస్తున్నాడు? "వ్యాపారి ఇంకా డబ్బులివ్వలేదమ్మా, వచ్చేవారం రాండి" అంటాడు. వచ్చేవారం మళ్ళీ వచ్చేవారం. ఆలస్యంగా వచ్చారని కొంత కోత, చిల్లర లేదని ఇంకొంత కోత. ఆ ఆడమనిషి ఇంటికి పోయి ఎవరిమీద విరుచుకుపడాలి? బిడ్డమీద.

ఇలా తరుగు పైనుంచి కిందికి పోతూనే ఉంటుంది. ప్రతివాడూ తనకు పైవాడు చేసిన అన్యాయాన్ని సాకుగా చూపించి, తన కిందివాడికి దాన్ని అందజేస్తాడు. ఈ గొలుసును తెంచడమే రోజువారీ దయ అని నేననుకుంటున్నాను. "నాకు జరిగింది జరిగింది, నా చేతిమీదుగా మాత్రం ఇది కిందికి పోదు" అనగలగడం. అందుకు కోటీశ్వరుడు కానక్కరలేదు. శివరాత్రికి అన్నదానం చేసి పేరు రాయించుకునే పెద్దమనిషి, శనివారం సాయంత్రం కూలిని శనివారం సాయంత్రమే ఇస్తే అది ఆ అన్నదానంకన్న తక్కువ పుణ్యం కాదు. కొలత తక్కువచేసి మిగిల్చిన బియ్యంతో చేసే అన్నదానాన్ని దయ అనడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు మా నాట్లకు బెంగాలు నుంచి కూడా కూలీల ముఠాలు వస్తున్నాయి. వాళ్ళకు మన భాష రాదు, మన లెక్క తెలియదు. మేస్త్రీ ఎంత చెబితే అంత. భాష రానివాణ్ణి మోసగించడం ఎంత సులభమో, అతనికి సరైన లెక్క చెప్పడం అంత ముఖ్యం. ఏదో ఒకనాడు మన పిల్లలూ పరాయి దేశంలో భాష రాక నిలబడాల్సినవాళ్ళే. గల్ఫుకు పోయినవాళ్ళ ఇళ్ళు మన రాష్ట్రంలో ఎన్ని లేవు?

ఇక్కడ నా మిత్రులు రెండు వైపులనుంచి నన్ను పట్టుకుంటారని తెలుసు.

ఒక వైపు మిత్రులు ఇలా అంటారు: "ఈ దయలూ కరుణలూ ఎందుకు? వ్యవస్థ మారాలి. చట్టాలు రావాలి. 'ఆయన' అని పిలిస్తే ఆకలి తీరుతుందా?" ఈ వాదంలో చాలా నిజముంది. చట్టాలు రావాలి, వచ్చాయి కూడా. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. 1976లో దాన్ని గట్టిచేసి పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు. అదే 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది. కాదనను. అయితే చట్టం మనిషిని గడపదాకా తీసుకొస్తుంది. గడప దాటినాక "రా, కూర్చో" అనడానికి చట్టం రాదు, ఇంట్లోవాళ్ళే అనాలి. టీకొట్లో రెండు రకాల గ్లాసులు పెట్టకూడదని చట్టం చెప్పగలదు. పక్కన కూర్చున్నవాడు జరిగి కూర్చోకుండా ఉండాలని ఏ సెక్షను చెబుతుంది?

పొట్టి శ్రీరాములుగారిని మనం రాష్ట్రంకోసం 1952లో ప్రాణమిచ్చిన త్యాగమూర్తిగానే తలుచుకుంటాము. కాని అంతకు ముందే, 1946లో, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి దళితులకు ప్రవేశం కావాలని ఆయన నిరాహారదీక్ష చేశారు. అంటరానితనం పోవాలని రాసిన అట్టలు తగిలించుకొని, చెప్పులూ గొడుగూ లేకుండా ఎండలో నెల్లూరు వీధుల్లో తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవాళ్ళున్నారు. చట్టం రావడానికి ముందే మనుషుల మనసు తట్టినవాళ్ళు ఉండబట్టే, చట్టం వచ్చినప్పుడు దాన్ని ఒప్పుకునేవాళ్ళు కొందరైనా మిగిలారు. సుందరయ్యగారు వ్యవస్థ మారాలన్నవారే గదా! ఆ మారేదాకా తన పేరూ తన పొలమూ అలాగే ఉంచుకుంటానని ఆయన అనలేదే! వ్యవస్థను మార్చాలనేవాడికి దయ అడ్డం కాదు. అది లేకపోతే రేపు మారిన వ్యవస్థలో కూడా ఆఫీసు బల్లకు అవతల కూర్చునేది ఈ పాత మనిషే.

రెండో వైపు మిత్రులు ఇలా అంటారు: "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. నువ్వు మంచిగా ఉంటే నిన్ను వాడుకుంటారు. ఈ కాలంలో బతకాలంటే కాస్త కరుకుగా ఉండాలి." ఈ మాటలోనూ కొంత అనుభవముంది. కాని దయ అంటే మెతకదనమని ఎవరు చెప్పారు? హాస్టల్లో కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి నలుగురు సీనియర్లు చుట్టుముట్టి ఏడిపిస్తుంటే, మధ్యలో నిలబడి "ఇక చాలు" అన్నవాడు మెత్తనివాడా? ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. అయినా ఆ రాత్రి, ఆ గదిలో, చట్టం కన్న ముందు చేరుకోగలిగింది పక్క గదివాడే. అతను నోరు విప్పితే ఒక కుర్రవాడు చదువుకుంటాడు. విప్పకపోతే ఒక కుర్రవాడు పెట్టె సర్దుకొని రాత్రి బస్సెక్కుతాడు. ఇంకా ఘోరాలు కూడా జరిగాయి, మనందరికీ తెలుసు. బలహీనుడి ముందు మెత్తగానూ, బలవంతుడి ముందు గట్టిగానూ ఉండడమే దయ. మనలో చాలామందిమి దీన్ని తలకిందులు చేసి బతుకుతున్నాము.

చివరిగా ఓపిక గురించి రెండు మాటలు.

నారు పీకి, నాట్లేసి, కలుపు తీసి అరిగిపోయిన వేలిని మెషీను గుర్తుపట్టదు. రేషనుకైనా, బ్యాంకులో డబ్బుకైనా ఆ వేలిముద్రే ఆధారం. ఒకసారి పెట్టు, తుడిచి పెట్టు, ఇంకో వేలు పెట్టు... వెనక వరుసలో జనం విసుక్కుంటారు. "రోజంతా నీకేనా?" అంటారు. జీవితాంతం మనకు అన్నం పెట్టిన వేలు, ఆ అన్నం కోసమే నిలబడి, నువ్వెవరో రుజువు చేసుకోమంటే చేసుకోలేకపోతోంది! అక్కడ ఆమె పక్కన అయిదు నిమిషాలు నిలబడి, "నిదానంగా పెట్టమ్మా, ఏం తొందరలేదు" అనడానికి డబ్బు కావాలా? డిగ్రీ కావాలా? బ్యాంకులో చలానా నింపిపెట్టడం, మందులచీటీ చదివి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పడం... చదువుకున్నవాడికి ఇవి ఎంత పని? ఆ చదువు మనకు వచ్చింది ఎవరి పన్నులతో, ఎవరి చెమటతో?

నెల్లూరులో సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డిగారి పేరుతో ప్రజావైద్యశాల ఉంది. తక్కువ ఖర్చుతో వైద్యం చేయడమే గాక, పల్లెల్లో ప్రథమ చికిత్స చేసేవాళ్ళకు శిక్షణ ఇచ్చిన ఆసుపత్రిగా దానికి పేరు. మా వైపు పల్లెల్లో ఆ పేరు చెప్పగానే మొహాలు వెలుగుతాయి. ఎందుకని ఒకరిద్దరిని అడిగాను. మందు గురించి చెప్పలేదు. "మన మాట ఇనేవోళ్ళు" అన్నారు. రోగి మాట పూర్తిగా వినడం కూడా ఆ వైద్యంలో భాగమే అన్నమాట.

మిత్రులారా, నేను ఇప్పటికీ పాటించడానికి తంటాలు పడుతున్నవి మూడే. నాకన్న పెద్దవాళ్ళను, వాళ్ళ పని ఏదైనా, కులం ఏదైనా, వయసుకు తగ్గట్టు పిలవడం. ఎవరికైనా ఇవ్వాల్సింది ఇవ్వాల్సిన రోజున, తరుగు లేకుండా ఇవ్వడం. చేతకానివాళ్ళు వరుసలో నా ముందుంటే విసుక్కోకుండా నిలబడడం. ఇవేవీ పత్రికల్లో పడేవి కావు. పతకాలు రావు. అలవాటు పడేదాకా ఇబ్బందిగా ఉంటుంది, పడ్డాక తెలియనుకూడా తెలియదు.

ఈ సంచిక చదివే మీలో కొందరు రేపు అధికారులవుతారు, కొందరు మేష్టర్లవుతారు, కొందరు ఊరికి పోయి సేద్యమో వ్యాపారమో చేస్తారు. ఎక్కడ ఉన్నా మీ బల్లకు ఇవతల ఒక మనిషి నిలబడి ఉంటాడు. చేతిలో అర్జీ ఉంటుంది. అందులో "దయతలచి" అని రాసి ఉంటుంది. అతను ఆ మాట రాయనవసరం లేకుండానే పని చేసిపెట్టండి. కుర్చీ చూపించి, "దయచేయండి" అని ముందు మీరే అనండి.